మా మామ ముట్టుకొని చూసిన ఎర్ర ఫట్‌ఫటి

పుష్యమాసపు చలి. మూసీ మీద లేచిన మంచు కిషన్‌బాగ్ కొట్టాల మీదికి దిగి, తెల్లవారుజామున పక్కింటి గోడ కూడా కనబడనీయలేదు. మా కొట్టంలో పదకొండు బర్రెలు. పేడ ఎత్తడం, కుడితి కలపడం, దుడ్డెలను విడవడం, పాలు పిండడం, డబ్బాలు సైకిలుకు కట్టడం. రోజూ ఉండే పనే ఆ రోజూ మొదలైంది. ఆ పని సగంలో ఉండగా మా మామ చనిపోయాడు. మామ అంటే నా భార్య తండ్రి.

పోయినవాళ్ళ గురించి పత్రికల్లో వచ్చేవి చదువుతుంటాను. వాళ్ళందరూ చిరునవ్వుతోనే బతికినట్టు రాస్తారు. మా మామ నవ్వగా నేను చూసింది తక్కువ. చూసిన నాలుగైదు సార్లూ నన్ను చూసే నవ్వాడు. ఆయనకు చాలామంది అంటే చులకన. పాలలో నీళ్ళు కలిపేవాళ్ళు, పొద్దెక్కి లేచేవాళ్ళు, ఎండ లేనప్పుడు కూడా గొడుగు పట్టుకొని నడిచేవాళ్ళు, ఒక మాట రెండుసార్లు చెప్పించుకునేవాళ్ళు. నేను పాలలో నీళ్ళు కలపలేదు. మిగతా మూడింటిలోనూ ఉన్నాను. కాబట్టి ఆయన గురించి రాయడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటున్నాను.

నేను మెదక్ దిక్కు పల్లెలో పుట్టాను. ఉర్దూ మిడిల్ దాకా చదివాను. మామకు ఒక్కతే బిడ్డ కావడంతో ఇల్లరికం వచ్చాను. వచ్చిన వారానికే ఆయన నన్ను ఒక బర్రె కింద కూర్చోబెట్టాడు. అది తన్నింది. చెంబు ఒకవైపు, నేను ఒకవైపు పడ్డాం. ఆయన వచ్చి మొదట బర్రెను నిమిరాడు. తరవాత నావైపు చూసి, "కలం వట్టిన చెయ్యి. దానికి తెలుస్తది అల్లుడా. లే, బట్టలు దులుపుకో," అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ పిండమనలేదు. రెండేళ్ళు ఆయన పెట్టిన అన్నం తిని, అరుగు మీద కూర్చొని, ఆయన పని చేస్తుంటే చూశాను.

చివరికి దబీర్‌పురా అవతల ఒక నూనె మిల్లులో హాజరీ గుమాస్తా పని దొరికింది. గేటు తాళాలు నా దగ్గరే ఉంటాయి. పొద్దున ఆరింటికి మిల్లు కూత వేసే లోపల గేటు తెరవాలి. ఎనభై మంది కూలీలు లోపలికి వస్తుంటే ఒక్కొక్క పేరుకు ఎదురుగా గుర్తు పెట్టాలి. దసరాకు చేరాను. ఆరు నెలలు చూసి పని ఖాయం చేస్తామన్నారు. ఆ ఆరు నెలల్లో మూడుసార్లు ఆలస్యమైతే ఇంటికి పంపేస్తామని మేనేజరు మొదటిరోజే చెప్పాడు. ఇల్లంటే నాకు మామ కొట్టమే. ఆ కొట్టంలో నాకు ఏ పనీ చేతకాదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

కిషన్‌బాగ్ నుంచి దూద్‌బౌలి, హుస్సేనీ ఆలం, చార్మినార్ మీదుగా దబీర్‌పురాకు పోవాలి. నడిస్తే గంటన్నర. సైకిలు మీద అరగంటకు కొంచెం పైన. ఇంట్లో ఉన్న సైకిలు పాలకు పోతుంది. ఇంకో సైకిలు కొనుక్కుంటే సరిపోయేది. నేను ఫట్‌ఫటి, అంటే మోటారు సైకిలు, కొంటానన్నాను. మంచులో సైకిలు తొక్కితే రొమ్ము పట్టి దగ్గు వస్తుందని చెప్పాను. అది సగమే నిజం. మా మిల్లు స్టోరుకీపరుకు ఒక ఫట్‌ఫటి ఉంది. అతను దాని మీదినుంచి దిగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చేతితొడుగులను ఒక్కొక్క వేలూ లాగుతూ తీస్తుంటే మేనేజరు కూడా ఆగి చూస్తాడు. నన్ను కూడా అట్లా ఆగి చూడాలని నాకు ఉండేది. ఇది ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు. అప్పుడు దాన్ని దగ్గు కింద దాచడానికి పడ్డ కష్టం తలచుకుంటేనే రోతగా ఉంటుంది.

చలికాలానికి ఎట్లాంటి బండి చూసుకోవాలో కూడా స్టోరుకీపరే చెప్పాడు. మంచులో దారి కనబడాలి కాబట్టి దీపం పెద్దదిగా ఉండాలి. కాళ్ళకు గాలి తగలకుండా ముందు రేకులు ఉండాలి. సీటు కింద స్ప్రింగులు గట్టివి కావాలి. హారను దూరం వినబడాలి. రంగు మెరిసేదైతే ఎదుటివాళ్ళు తప్పుకుంటారు. నేను అదంతా కాగితం మీద రాసుకున్నాను. ఇంజను చలికి లేస్తుందా లేదా అన్నది ఆ కాగితంలో లేదు. అతను చెప్పలేదు, నేను అడగలేదు. అతని బండిని రోజూ పొద్దున ఇద్దరు మనుషులు వీధి చివరిదాకా తోస్తారని చాలా రోజుల తరవాత తెలిసింది.

కొనడానికి దారి ఒకటే ఉంది. నా భార్యకు పెళ్ళిలో మామ అరణంగా ఇచ్చిన బర్రె. కొట్టంలో అన్నిటికన్నా ఎక్కువ పాలిచ్చేది అదే. అది ఆమెది, అమ్మాలన్నా ఆమే అమ్మాలి. మూడు రోజులు అడిగాను. నాలుగోరోజు ఆమె, "బాపుకు నువ్వే చెప్పు," అంది.

చెప్పడానికి పోయేసరికి ఆయన దుడ్డెకు పలుపు కడుతున్నాడు. బర్రెను అమ్మి ఫట్‌ఫటి కొంటానన్నాను.

"ఏమిటికి?" అన్నాడు.

"మిల్లుకు పోనీకి మామా. చలికాలం, పొద్దుగాల్ల పోవాలె."

"చలి నీకొక్కనికేనా? పాలు వోసెటోనికి ఉండదా?"

"దూరమున్నది గద."

"సైకిల్ సాలదా?"

"రొమ్ము వడ్తది."

ఆయన ముడి బిగించి లేచాడు. "పూటకు నాలుగు శేర్లు ఇచ్చేదాన్ని అమ్మి, పొగ ఇచ్చేదాన్ని తెస్తనంటవ్. సరే. దాని బర్రె, దాని మొగడు. నడుమ నేనెవన్ని?"

పాలవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. బర్రెను కొనేవాడు అమ్మేవాడి ఇంట్లో ఒక రాత్రి ఉండి, సాయంత్రం పూటా పొద్దున పూటా రెండూ తన కళ్ళముందే పిండించుకుంటాడు. అట్లా చూడకపోతే అమ్మేవాడు ముందురోజు ఒక పూట పిండకుండా ఎగ్గొట్టి, నిండిన పొదుగు చూపించి అంటగడతాడు. మా బర్రెను కొనడానికి శంషాబాద్ దిక్కు నుంచి ఒక మనిషి వచ్చాడు. మామ అతనికి చాప వేయించాడు, అన్నం పెట్టించాడు, రెండు పూటలూ చూపించాడు. పొద్దున పాలు పిండాక, అడగకుండానే, "ఎడమదిక్కు ఎనక చన్ను గట్టి. చలికాలం గోరెచ్చని నీళ్ళతోని పొదుగు కడుగు, లేకపోతె చేపది," అని చెప్పాడు. చేపడం అంటే బర్రె పాలు దించడం. వచ్చిన మనిషి అది పట్టుకొని ధర తగ్గించమన్నాడు. మామ తగ్గించాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకు చెప్పినవ్ మామా? ఆయన అడుగలే గద," అన్నాను.

"అడుగనోనికే చెప్పాలె. అడిగెటోడు ఎట్లన్న తెలుసుకుంటడు."

బర్రె పోయాక దాని గుంజ ఖాళీగా ఉండిపోయింది. ఆయన అక్కడ ఇంకోదాన్ని కట్టలేదు.

రెండు బండ్లు చూశాం. మొదటిది దబీర్‌పురాలో ఒక ముసలి మిస్త్రీ దగ్గర ఉంది. నల్లది. రంగు పెచ్చులు లేచింది. సీటును గోనె దారంతో కుట్టారు. కాళ్ళకు గాలి తగలకుండా నూనె డబ్బా రేకు కొట్టి బిగించారు. నడిపి చూడడానికి ఎప్పుడు రమ్మంటావని అడిగితే మిస్త్రీ, "ఫజర్ కే వఖ్త్ ఆవ్. ఠండీ మే దేఖో," అన్నాడు. తెల్లవారుజాము నమాజు వేళకు వచ్చి, చల్లగా ఉన్నప్పుడే చూసుకోమని. అంత పొద్దున ఎవరు పోతారని నేను పోలేదు. మామ పాల సైకిలు మీద అటునుంచి అటే పోయి చూసి వచ్చాడు. కాళ్ళు కడుక్కుంటూ చెప్పాడు.

"తొమ్మిది తన్నులకు చేపింది. తన్నకముందు చెయ్యి వెట్టి చూసిన, రాయి లెక్క సల్లగుండె. ముసలోడు ఒక్క మాట ఎక్కువ చెప్పలే. అది దీస్కో."

"నల్లగుంటది మామా."

"బర్రె ఎట్లుంటది?"

అయినా రెండోదాన్ని చూడకుండా ఎట్లా అన్నాను.

రెండోది హుస్సేనీ ఆలంలో ఒక దేవిడీలో ఉంది. మామ ఇరవై ఏళ్ళుగా పాలు పోస్తున్న ఇల్లు అది. ఆ ఇంటి చిన్న నవాబు సరదాకు కొని, సరదా తీరాక వదిలేసిన ఫట్‌ఫటి. ఎర్ర టాంకు, తళతళలాడే నికెలు, గుమ్మడికాయంత దీపం. స్టోరుకీపరు కాగితంలో ఉన్నవన్నీ దానికి ఉన్నాయి. అమ్మే పని ఆ ఇంటి డ్రైవరుది. పొద్దున పది గంటలకు రమ్మన్నాడు. ఉన్ని చేతితొడుగులు అప్పటికే కొనుక్కున్నాను. ఇంకా బండి లేదు, చలి కూడా లేదు. అయినా వేసుకొని పోయాను.

డ్రైవరు బండిని వాకిట్లోకి తెచ్చి తన్నబోతున్నాడు. మామ, "ఠైరో మియా," అని అతన్ని ఆపి, దగ్గరకు వచ్చి ఇంజను మీద అరచేయి పెట్టాడు. పొదుగు మీద ఎట్లా పెడతాడో అట్లాగే పెట్టాడు.

ఇది బర్రె కాదని డ్రైవరు నవ్వాడు. "అరె దూద్‌వాలే, యే భైఁస్ నైఁ హై, ఫట్‌ఫటీ హై."

"మాలూమ్ మియా. భైఁస్ హోతీ తో మైఁ రాత్ ఇధరిచ్ సోతా థా," అన్నాడు మామ. బర్రె అయితే రాత్రి ఇక్కడే పడుకొని చూసేవాణ్ణని. గేటు దగ్గర ఉన్న పనివాళ్ళు నవ్వారు. డ్రైవరుకు అందులో ఏముందో తెలియక వాళ్ళను కసిరాడు.

మామ నావైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "వేడిగున్నది. మనం రాకముందే తిప్పి పెట్టిండు. బర్రెనమ్మెటోడు పూట ఎగ్గొడ్తడు, వీడు పూట ముందే పిండిండు. రెండూ ఒక్కటే దొంగతనం. చెయ్యి వెట్టి చూడు."

"ఎండల ఉన్నది గద మామా."

"ఎండ మీదికెల్లి వస్తది. ఇది లోపటికెల్లి వస్తున్నది. ఆ మేజోళ్ళు దీసి చెయ్యి వెట్టు."

చేతితొడుగులను ఆయన మేజోళ్ళనేవాడు. నేను తీయలేదు. దేవిడీ మనుషులు చూస్తుండగా పాలవాడి మాట విని ఇంజను తడమడం నాకు తక్కువతనంగా తోచింది. ఆ పాలవాడి అన్నమే రెండేళ్ళుగా తింటున్న సంగతి ఆ నిమిషంలో గుర్తురాలేదు. డ్రైవరు తన్నాడు. ఒక్క తన్నుకే లేచింది. నేను కొన్నాను.

మామ ఖాళీ డబ్బా తీసుకొని నడిచి ఇంటికి పోయాడు. వెనక ఎక్కమంటే ఎక్కలేదు. ఆ సాయంత్రం దానికి ఎర్రదొరసాని అని పేరు పెట్టాడు. కిషన్‌బాగ్ అంతా అదే పేరుతో పిలిచారు.

కార్తీకం దాటేదాకా దొరసాని బాగానే నడిచింది. నేను రెండుసార్లు మేనేజరు ముందు చేతితొడుగులు ఒక్కొక్క వేలూ లాగుతూ తీశాను. రెండుసార్లూ అతను చూడలేదు. మార్గశిరంలో చలి ముదిరింది. ఇంజనులో నూనె గడ్డకట్టినట్టు ఉండేది. ఐదు తన్నులకు లేచేది పదికి, పదికి లేచేది పదిహేనుకు పోయింది. నేను అరుగు ముందు తన్నుతుంటే మామ కొట్టంలో నావైపు వీపు పెట్టి పాలు పిండుతూ, తన్నులు లెక్కపెట్టి బర్రెకు చెప్పేవాడు.

"పదమూడు. పద్నాలుగు. చూసినవానే? నువ్వు అల్లున్ని ఒక్కటి తంతె పడిపోయిండు. ఇప్పుడు గా కోపమంత దొరసాని మీద తీరుస్తుండు."

నా భార్య లోపల నవ్వు ఆపుకునేది. నాకు వినబడేది.

ఒకరోజు ఇరవై ఆరు తన్నులయ్యాయి. మిల్లుకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా పోయాను. కూత వేసి చాలాసేపైంది. గేటు బయట ఎనభై మంది మంచులో నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళు చంటిపిల్లలను కొంగుల కింద దాచుకున్నారు. నేను దీపం వేసుకొని, హారను కొట్టుకుంటూ పోయి దిగాను. కట్టెలు మోసే ముసలామె ఒకామె నన్నూ బండినీ చూసి, "మేం నడిసొచ్చినం. నువ్వు ఎక్కొచ్చినవ్," అంది. అంతే అంది. మేనేజరు దానికన్నా ఎక్కువ అన్నాడు గాని నాకు తగల్లేదు. "హాజరీ లిఖ్నే వాలా ఖుద్ గైర్‌హాజర్?" అన్నాడు. హాజరు రాసేవాడే రాకపోతే ఎట్లా అని.

వారం తిరగకముందే రెండోసారి. ఈసారి మేనేజరు రెండు వేళ్ళు చూపించి, మూడోది సగం లేపి ఆపాడు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నాను. మామ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎన్నయినయ్?"

"రెండు."

"ఇంకొకటైతె?"

"పోతది."

"పోతె ఏం జేస్తవ్?"

నేను మిల్లు తాళాలను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను. "ఈడ నీకు పని లేదు," అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. అప్పుడైనా ఫట్‌ఫటిని పక్కన పెట్టి సైకిలు కొనుక్కుంటానని అనవచ్చు. బర్రెను అమ్మి కొన్నదాన్ని మూలకు పెట్టి సైకిలు ఎక్కితే గల్లీ అంతా నవ్వుతుందని ఊరుకున్నాను. అప్పటికే నవ్వుతున్నారు.

ఆయన దొరసానిని తోసుకుంటూ కొట్టంలోకి తీసుకుపోయాడు. అరణం బర్రె ఉండిన ఖాళీ గుంజ దగ్గర, రెండు బర్రెల మధ్య నిలబెట్టి, పలుపు తెచ్చి గుంజకు కట్టాడు.

"కట్టుడెందుకు మామా? అది ఎక్కడ వోతది?"

"కట్టకుంటె నాకు నిద్ర వట్టది. వీటి వెచ్చకన్న జర దారిల వడ్తదేమో చూద్దాం."

మర్నాడు మూడో తన్నుకే లేచింది. ఆ మర్నాడు నాలుగు. ఆ తరవాత నెలన్నర పాటు ఏ రోజూ ఐదు దాటలేదు. మామ లెక్కపెట్టడం మానేశాడు. లెక్కపెట్టడానికి ఏమీ మిగలలేదని నేను అనుకున్నాను. నేను బయటకు వచ్చేసరికి సీటు మీద ఒక గ్లాసెడు వెచ్చని పాలు పెట్టి ఉండేవి. "దొరసాని తాగది. నువ్వన్న తాగు," అనేవాడు, నావైపు చూడకుండా.

కొట్టంలో కట్టినందుకు బండికి జరగవలసినవి జరిగాయి. చువ్వలు తుప్పు పట్టాయి. ఎడమవైపు బర్రెకు టాంకు రుచించింది. నాకి నాకి ఎర్రరంగు పోగొట్టింది. నేను మొత్తుకుంటే మామ, "నల్లగైంది. ఇప్పుడు జర మంచిగున్నది," అన్నాడు. మిల్లు గేటు దగ్గర బండి నిలిపితే కూలీలు ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు, పేడ వాసనకు. అయినా ఆరింటికి పది నిమిషాల ముందే గేటు తెరుచుకునేది. ముసలామె నన్ను చూసి ఏమీ అనేది కాదు.

నేను ఊరుకున్నవాణ్ణి కాదు. కార్బురేటరు విప్పి శుభ్రం చేశానని, నూనె మోతాదు సరిచేశానని స్టోరుకీపరుకు చెప్పాను. అతను నా మాటలను కాగితం మీద రాసుకున్నాడు. నిజానికి కార్బురేటరు ఎక్కడుంటుందో నాకు అప్పటికీ సరిగా తెలియదు. ఇంటికి వచ్చి మామతో కూడా అన్నాను.

"చూసినవా మామా, బండి మంచిదే. నువ్వే ఊకె అనుమానపడ్డవ్."

ఆయన నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. ముందు చెప్పిన నాలుగైదు నవ్వుల్లో అది ఒకటి. "బండి మంచిదే. నడిపెటోడు ఇంక మంచోడు," అని పక్కకు ఉమ్మేసి, పేడ గంప ఎత్తుకొని పోయాడు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే తీసుకున్నాను.

కనబడవలసినవి నా కళ్ళముందే ఉన్నాయి. ఇంజను కింద నేల రోజూ తడిగా ఉండేది. తడిసిన గోనె వాసన వచ్చేది. కొట్టంలో నేల తడిగా ఉండక ఎట్లా ఉంటుందని అనుకున్నాను. ఇంజను మీద ఒక్కసారి వట్టి చెయ్యి పెట్టి ఉంటే తెలిసిపోయేది. చేతులకు ఉన్ని తొడుగులు ఉన్నాయి.

మామ పోయిన మంగళవారం తెల్లవారుజామున నా భార్య నన్ను పిలిచిన పిలుపు వేరుగా ఉంది. నేను పరుగెత్తి పోయేసరికి మామ ఐదో బర్రె కింద గొంతుక్కూర్చొని ఉన్నాడు. తల దాని డొక్కకు ఆనించి ఉంది. పిండేటప్పుడు ఎప్పుడూ అట్లాగే ఆనిస్తాడు. చెంబు మోకాళ్ళ మధ్యే ఉంది. సగం నిండింది. చుక్క ఒలకలేదు. ఆ బర్రె కాలు కదపకుండా నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి అట్లా నిలబడిందో తెలియదు.

ఎత్తి తెచ్చి అరుగు మీద పడుకోబెట్టాం. పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. నా భార్య ఏడ్చింది. కొంతసేపటికి లేచి కొంగుతో మొహం తుడుచుకుంది.

"తాళాలు నీ తాననే ఉన్నయి గద," అంది.

"ఇయ్యాల నేనెట్ల పోత?"

"పోయి గేటు తెరిచి రా. మంది చలిల నిలవడ్తరు. ఇది మూడోసారి అయితది. బాపు ఉంటె గదే అంటుండె. నేను మిగిలిన బర్రెలు పిండుత."

అలవాటు కొద్దీ చేతితొడుగులు వేసుకున్నాను. దొరసాని పలుపు విప్పి తన్నాను. పది అయ్యాయి. ఇరవై దాటాయి. లెక్క నేనే పెట్టుకోవలసి వచ్చింది. ముప్పై దగ్గర పడ్డప్పుడు నా భార్య చెంబుతో వచ్చి నిలబడింది.

"ఇయ్యాల అది లేవది," అంది. "కడుగలే."

"కడుగుడేంది?"

ఆమె గుంజకు తగిలించిన గోనెసంచిని చూపించింది. పొడిగా ఉంది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. నెలన్నరగా మామ పిండడం అయిపోగానే ఆ సంచిని వేడినీళ్ళలో ముంచి, పిండి, ఇంజనుకు చుట్టేవాడట. చల్లారితే మళ్ళీ ముంచి చుట్టేవాడట. నా అడుగుల చప్పుడు వినగానే తీసి బర్రె వెనక వేసేవాడట. చలికి చేపని బర్రెకు పొదుగు ఎట్లా కడుగుతారో అట్లా. నీళ్ళు కాచింది నా భార్యే.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దన్నడు. ‘డ్రైవరు జేసిన దొంగతనమే నేను జేస్తున్న. అల్లునికి తెలిస్తె నవ్వుతడు’ అన్నడు."

ఆమె మళ్ళీ ఐదో బర్రె దగ్గరకు పోయి, దాని కింద కూర్చుంది. నేను కుడిచేతి తొడుగు తీసి ఇంజను మీద అరచేయి పెట్టాను. ముప్పై తన్నులు తిన్నా రాయిలాగా చల్లగా ఉంది. దాన్ని కొన్న తరవాత వట్టి చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి.

పాల సైకిలు గోడకు ఆనించి ఉంది. డబ్బాలు ఇంకా కట్టలేదు. అదే ఎక్కాను. మంచులో దారి అడుగు ముందుకు కనబడలేదు. దీపం లేదు, హారను లేదు, గంట ఒకటి ఉంది. హుస్సేనీ ఆలంలో దేవిడీ ముందు నుంచి పోతుంటే ఆ గంట చప్పుడు విని ఎవరో గేటు తెరిచారు. గిన్నె చప్పుడైంది. "ఆవ్ దూద్‌వాలే, ఆజ్ దేర్ కర్ దియే," అని డ్రైవరు గొంతు వినిపించింది. ఆలస్యం చేశావేమని. నేను ఆగలేదు.

కూతకు ఐదు నిమిషాల ముందు గేటు తెరిచాను. ఎనభై పేర్లకు గుర్తులు పెట్టి, తాళాలు చౌకీదారుకు ఇచ్చి, ఇంట్లో చావైందని మేనేజరుకు చెప్పించి తిరిగి వచ్చాను. రొమ్ము పట్టలేదు. దగ్గు రాలేదు. ఇంటికి వచ్చేసరికి పదకొండు బర్రెలూ పిండి ఉన్నాయి.

దబీర్‌పురా మిస్త్రీ నల్ల ఫట్‌ఫటిని ఉత్తరాలు పంచే టపా జవాను ఒకడు కొన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున మా మిల్లు ముందునుంచే పోతాడు. రంగు ఇంకా రాలింది. నూనె డబ్బా రేకు మీద అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. ఒకరోజు ఆపి, పొద్దున ఎన్ని తన్నులకు లేస్తుందని అడిగాను. ఎనిమిదో తొమ్మిదో అన్నాడు. ఎందుకు అడిగానో అతనికి అర్థం కాలేదు. ఖాయం కావడానికి నాకు ఇంకా నెల ఉంది. మూడో వేలు ఇంకా లేవలేదు. నేను పాల సైకిలు మీదే పోతున్నాను. పాలు నా భార్య పోయిస్తుంది, అందుకు ఒక మనిషిని పెట్టింది. అతను నడిచి పోస్తాడు.

ఎర్రదొరసానిని అమ్మకానికి పెట్టాను. అడగడానికి వచ్చినవాళ్ళను తెల్లవారుజామున రమ్మన్నాను. మొదటివాడు రాలేదు. రెండోవాడు వచ్చి, ముప్పై రెండు తన్నులు చూసి నవ్వుకుంటూ పోయాడు. మూడోవాడు నా వయసువాడు, లాల్‌దర్వాజా వైపు బడిలో పంతులు. తొడుగులు వేసుకొని వచ్చాడు. తొడుగులు తీసి ఇంజను మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టాడు. చల్లగా ఉందన్నాడు. చలికి లేవదు, గోనెసంచి వేడినీళ్ళలో ముంచి చుట్టాలి అని చెప్పాను. నేనేదో తమాషా చేస్తున్నానని అనుకొని, టాంకు మీద మిగిలిన ఎర్రరంగును తుడిచి చూసుకున్నాడు. ధర తగ్గించమన్నాడు. తగ్గించాను. గోనెసంచిని కూడా ఇచ్చాను. దారిలో ఎక్కడో పడేసి ఉంటాడు.

మామ పుష్యమాసంలో, మంగళవారం, తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో పోయాడు. బండి మాఘమాసంలో, ఆదివారం, పొద్దున ఆరింటికి పోయింది.